వలకు కట్టిన యుద్ధం

ఆ రోజు మెహక్ యూనివర్సిటీ నుంచి నేరుగా ఇంటికి వెళ్ళలేదు. వెళితే అమ్మీ తన మొహం చూడగానే సంగతి పసిగట్టేస్తుంది. అందుకని పూర్ణా మార్కెట్ దగ్గర బస్సు దిగి తండ్రి కొట్టుకు వెళ్ళి, నైలాను తాళ్ళ చుట్టల మధ్యనున్న స్టూలు లాక్కుని కూర్చుంది.

ఫక్రుద్దీన్ కొట్టులో సముద్రం తప్ప అన్నీ దొరుకుతాయని చేపల వేటకెళ్ళేవాళ్ళు నవ్వుతూ అంటుంటారు. వల దారాలు, గాలాలు, వల పైన తేలడానికి బెండ్లు, అడుగున మునగడానికి సీసం గుళ్ళు. చిరిగిపోయిన వలల నుంచి ఊడదీసిన పాత సీసం తెస్తే తీసుకుని కొత్త గుళ్ళు ఇస్తాడు. పాతదాన్ని కొట్టు వెనక రేకుల చావిట్లో ఇనప మూకుడులో కరిగించి అచ్చు పోస్తాడు. ఆయన తండ్రి కూడా అదే పని చేశాడు.

"ఏమైంది బేటా?" అన్నాడు కూతురి వంక చూసి.

"అర్జునరావు గారు కోటమెట్ట అధ్యాయం తీసేయమన్నారు అబ్బా."

ఫక్రుద్దీన్ చేతిలో ఉన్న తాడు చుట్ట కింద పెట్టేశాడు. పీహెచ్‌డీ థీసిస్‌లోని ఆ అధ్యాయం కోసమే తన కూతురు రెండేళ్ళుగా ఎండలో పడి తిరుగుతోందని ఆయనకు తెలుసు.

రుషికొండ దాటి భీమిలి వైపు వెళ్తే సముద్రం ఒడ్డున పోలమ్మపాలెం అనే చేపలవాళ్ళ ఊరుంది. ఊరి వెనక రాళ్ళ గుట్ట, దాని మీద కూలిపోయిన రాతిగోడ. అదే కోటమెట్ట. రెండు వందల ఏళ్ళ కిందట తెల్లవాళ్ళ పటాలం ఒకటి పడవల మీద వచ్చి ఆ ఊళ్ళో దిగింది. ఒక్క తూటా పేల్చే పని లేకుండా ఊరు లొంగిపోయిందని పటాలం అధికారి రాసుకున్నాడు. చరిత్ర పుస్తకాలు అదే మాట ఎత్తి రాశాయి. ఊళ్ళోవాళ్ళు మాత్రం అమ్మవారి పండగప్పుడు ఇంకో మాట చెప్పుకుంటారు. తమ తాతముత్తాతలు అప్పటి జమీందారు దొరగారి పైకులతో, అంటే ఆయన సాయుధ బంట్లతో కలిసి గోడ చాటు నుంచి కొట్లాడి, తెల్లవాళ్ళని మళ్ళీ సముద్రంలోకి తోసేశారని.

మెహక్ చదువుకునేది పాత ఆయుధాల మీద. కత్తులు, కవచాలు, తుపాకులు, వాటి ఆనవాళ్ళు. తుపాకులు పేలిన చోట గుళ్ళు మిగులుతాయి. సీసానికి తుప్పు పట్టదు, రెండు వందల ఏళ్ళు భూమిలో ఉన్నా పైన తెల్లటి పొర కడుతుందంతే. యుద్ధమే జరిగి ఉంటే కోటమెట్ట మీద గుళ్ళు ఉండాలి. రెండు చలికాలాలు అడుగడుగూ వెతికింది. ఒక్కటీ దొరకలేదు.

"కథ మీద నాకు గౌరవం ఉందమ్మా," అన్నాడు ఆమె గైడు అర్జునరావు ఆ పొద్దున, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. "కానీ సాక్ష్యం లేని అధ్యాయం మీద నేను సంతకం పెట్టలేను. పైగా అక్కడ హోటల్ కడుతున్నారు. వర్షాకాలం రాకముందే గుట్ట చదును చేసేస్తారు. ఇక దాన్ని వదిలెయ్."

ఆయన మాట కటువుగా ఉండదు. అందుకే మరీ కష్టంగా అనిపించింది.

అప్పుడే పోతమ్మ వచ్చింది. చేపల గంప ఖాళీ చేసుకుని, చెంగుకు చేతులు తుడుచుకుంటూ, మూట ఒకటి బల్ల మీద దించింది. పోలమ్మపాలెం నుంచి పూర్ణా మార్కెట్‌కు చేపలు తెచ్చి అమ్మే మనిషి. మెహక్‌ని లంగా ఓణీలప్పటి నుంచి ఎరుగును.

"సాయిబూ, మా అత్త కాలంనాటి సీసం. పెట్టి అడుగున పడున్నాది. కొత్త గుళ్ళిచ్చెయ్యి, మా వోడి ఇసురు వొలకి కట్టాల."

ఫక్రుద్దీన్ మూట విప్పి తక్కెట్లో పోశాడు. చాలావరకు ఎప్పుడూ చూసేవే, తాడుకు చుట్టడానికి సుత్తితో సాగగొట్టిన ముక్కలు. వాటి మధ్య నుంచి ఒకటి గుండ్రంగా దొర్లి బల్ల అంచున ఆగింది.

మెహక్ దాన్ని చేతిలోకి తీసుకుంది. పైన తెల్లటి పొర. నడుం చుట్టూ సన్నటి గీత, అచ్చు రెండు చిప్పలు కలిసిన చోట పడే గీత. ఒక పక్క చిన్న బొడిపె, కరిగిన సీసం పోసినప్పుడు మిగిలిన తోక. పుస్తకాల్లో బొమ్మలుగా మాత్రమే చూసిన వస్తువు. పేల్చని తుపాకి గుండు.

"పోతమ్మత్తా, ఇదెక్కడిది?"

"ఎక్కడిదేటి పాపా, మెట్టమీదది. వర్సం పడితే గోడ కాడ తేల్తాయి కదేటి. మా అత్తోళ్ళూ, మేమూ సిన్నప్పుడు ఏరుకొచ్చేవోళ్ళం. ఇప్పుడు దొరకతం లేదు గానీ, ఊర్లో పాత వొలలన్నిటికీ అయ్యే."

మెహక్ గుండును వెలుతురు వైపు తిప్పి చూసింది. రెండేళ్ళుగా కోటమెట్ట ఎక్కుతూ దిగుతూ, దారికి రెండు పక్కలా ఇసకలో ఆరేసిన వలల మధ్య నుంచే నడిచింది. ముసలివాళ్ళని కథ అడిగింది కానీ వలల వంక చూడలేదు. యుద్ధం గుట్ట మీద లేదు. తరతరాలుగా వలలకు వేలాడుతూ రోజూ సముద్రంలోకి వెళ్ళొస్తోంది.

ఫక్రుద్దీన్ తక్కెడ దించేశాడు. ఆయన చూపు వెనక చావిట్లోని మూకుడు మీద ఉంది.

"మా అబ్బా, నేనూ కలిసి ఎన్ని కరిగించేశామో బేటా," అన్నాడు మెల్లగా.

"మీరు ఆ పని చేయకపోతే ఇది నా చేతికి వచ్చేదే కాదు," అంది మెహక్.

మర్నాడు తండ్రి తక్కెడ పట్టుకుని పోలమ్మపాలెం వెళ్ళింది. పోతమ్మ ముందే ఊరంతా చెప్పేసింది. ఆడవాళ్ళు పాత వలలు తెచ్చి ఇసకలో పరిచారు. తీరా చూస్తే నూటికి తొంభై ముక్కలు సుత్తి దెబ్బలకు సాగిపోయి ఉన్నాయి. గుండ్రంగా ఉన్నవి తక్కువ. మెహక్ ఒక ముక్కను వేళ్ళ మధ్య తిప్పుతూ చాలాసేపు కూర్చుంది. ఆకారం పోయింది, నిజమే. కానీ సుత్తితో కొడితే ఆకారం పోతుంది గానీ బరువు పోతుందా?

వెంటనే తూచడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి ఇసకలో రెండు కుప్పలు తయారయ్యాయి. ఒక కుప్పలోవి బరువైనవి, సాగగొట్టినా గుండ్రంగా ఉన్నా అన్నీ ఇంచుమించు ఒకటే తూకం. ఒకే కొలత అచ్చుల్లో పోసినవి, అంటే పటాలంవి. రెండో కుప్పలోవి తేలికైనవి, ఏ రెండూ ఒక్క తూకం లేవు. ఎవరింట్లో వాళ్ళు దొరికిన అచ్చులో పోసుకుని, వత్తి అంటించి పేల్చే నాటు తుపాకుల్లో వేసుకున్నవి.

"ఇయ్యేటి పాపా?" అని పోతమ్మ రెండో కుప్పలో చెయ్యి పెట్టింది.

"ఇవి మీవాళ్ళవి అత్తా."

పోతమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని, మళ్ళీ పెట్టి, పిడికెడు తీసి చూసుకుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కుప్ప మీదికి వంగారు.

అర్జునరావు ఆ తూకాల పట్టిక అంతా ఓపిగ్గా చూశాడు. ఆయన కళ్ళలో మెరుపు మెహక్ కనిపెట్టింది. కానీ ఆయన అన్న మాట వేరు.

"నీ లెక్క నమ్ముతున్నాను. రెండు రకాల గుళ్ళున్నాయి, సరే. కానీ గుండు ఎక్కడ పడిందో వల చెప్పదమ్మా. నాలుగు ఊళ్ళ సీసం ఒకే వలకు ఉండొచ్చు. భూమిలో ఉన్నదాన్ని, ఉన్నచోట చూపించు. తవ్వడానికి పురావస్తు శాఖ అనుమతి నేను తెస్తాను. హోటల్ వాళ్ళతోనూ మాట్లాడతాను. ఎండాకాలం చివరిదాకా ఆగుతారు, ఆపైన నా చేతిలో లేదు."

ఆయన చెప్పింది న్యాయం. మెహక్ ఒప్పుకుంది. మరి అందరూ ఏరేసుకున్న గుట్టలో మిగిలినవి కనిపెట్టడం ఎలా?

ఆ పని తెలిసిన మనిషి కంచరపాలెంలో దొరికాడు. పేరు దొరబాబు. సైన్యంలో ఇంజనీర్ల దళంలో హవల్దారుగా చేసి రిటైరయ్యాడు. సరిహద్దుల్లో పాతిపెట్టిన మందుపాతరల్ని వెతికి తీయడమే ఆయన ఉద్యోగం. ఇప్పుడు రైలు గేటు దగ్గర టీవీలు బాగుచేసే షాపు నడుపుతున్నాడు. మెహక్ చెప్పిందంతా విని, రాగి తీగ చుట్టిన ప్లాస్టిక్ చట్రం, పాత వాక్‌మన్ హెడ్‌ఫోన్‌తో తనే ఒక యంత్రం తయారుచేశాడు. భూమిలో లోహం ఉంటే చెవిలో కూత పెడుతుంది.

"సర్వీసులో ఉన్నన్నాళ్ళూ కూత ఇనపడితే గుండె ఆగిపోయేది మేడమ్," అన్నాడు. "ఇప్పుడు ఇనపడాలని దణ్ణం పెట్టుకుంతన్నాను."

కూతలకు కొదవ లేదు. మొదటి వారమంతా యంత్రం కూస్తూనే ఉంది. తవ్వితే బీరు సీసాల మూతలు, పడవ మేకులు, ఒక పాత తాళంచెవి. పిక్నిక్‌లకు వచ్చినవాళ్ళు వదిలేసిన రేకు డబ్బాలు. హోటల్ తాలూకు బుల్డోజరు ఒకటి అప్పటికే రోడ్డు పక్కకు వచ్చి నిలబడింది. మెహక్ చేతులు బొబ్బలెక్కాయి. ఆ సాయంత్రం గోడ దగ్గర చతికిలబడి, కూలిపోయి వాలు మీదికి పరుచుకున్న రాళ్ళని చూస్తూ ఉండిపోయింది.

ఏరుకునే పిల్లలు ఎక్కడ వెతుకుతారు? కళ్ళకు కనిపించే చోట. చెయ్యి దూరే చోట. మరి గోడ కూలి మీద పడ్డాక ఆ రాళ్ళ కిందకు ఎవరి చెయ్యి వెళ్ళింది?

"దొరబాబు గారూ, ఈ రాళ్ళు కదిపితే?"

అప్పుడే గుట్టెక్కి వచ్చిన పోతమ్మ ఆ మాట వింది. "ఆ రాళ్ళు కదపరు పాపా. పండక్కి పసుపు రాసేది ఈటికే. సచ్చిపోయినోళ్ళు ఈటి కింద ఉన్నారంతారు. ఎవులూ ముట్టుకోరు."

మెహక్ తల వంచుకుంది. తను అడగగలిగే మాట కాదని తెలుసు. పోతమ్మ కాసేపు ఆమెనూ, రోడ్డు పక్కనున్న బుల్డోజర్నూ మార్చి మార్చి చూసింది. తర్వాత ఊళ్ళోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న మెహక్ వచ్చేసరికి గుట్ట మీద ఊరంతా ఉంది. ఊరి పెద్ద పైడయ్య, కర్ర ఊతంగా ముందు నిలబడి ఉన్నాడు. పోతమ్మ బిందెతో పసుపు నీళ్ళు తెచ్చి రాళ్ళ మీద పోసింది.

"ఆ మిసను తోసేసే కంటే మన సేత్తో మనం తియ్యడం మేలని సెప్పినాను," అంది. "తాతల్లారా, ఈ పిల్ల మీ పేరు నిలబెట్టడానికొచ్చింది. కోప్పడకండి." ఆ మాటంటూనే వంగి మొదటి రాయి ఎత్తింది.

మగవాళ్ళు లావాటి వడంతాడు వేసి రాళ్ళు ఒకటొకటిగా పక్కకు జరిపారు. దొరబాబు చట్రాన్ని నేల మీదుగా నెమ్మదిగా తిప్పాడు. ఒక చోట ఆగాడు. మళ్ళీ వెనక్కి తిప్పాడు.

"మేడమ్, ఇది మూత కాదు."

మెహక్ మోకాళ్ళ మీద కూర్చుని చిన్న తాపీతో మట్టి పొరలు పొరలుగా గీకింది. జానెడు లోతున తెల్లటిది కనిపించింది. బ్రష్‌తో మట్టి తుడిచింది. రాయికి కొట్టుకుని ఒక పక్క చపాతీలా చదునైన గుండు. బరువైన రకం. పటాలంది. గోడ మీదికి పేల్చినది.

దాన్ని కదపకుండా ఫొటో తీసి, కొలతలు రాసి, అప్పుడు తలెత్తి చూసింది. తండ్రి ఎప్పుడొచ్చాడో, కొట్టు మూసి వచ్చినట్టున్నాడు, కళ్ళు తుడుచుకుంటున్నాడు.

ఆ తర్వాత ఆగలేదు. గోడ కింద, గోడ వెనక, వాలు మీద, రోజూ దొరుకుతూనే ఉన్నాయి. మెహక్ పూర్ణా మార్కెట్‌లో రిబ్బన్లు కొనుక్కొచ్చింది. ఊరివాళ్ళ గుండు దొరికిన చోట ఎర్ర రిబ్బను, పటాలం గుండు దొరికిన చోట తెల్ల రిబ్బను కట్టిన వెదురు పుల్ల పాతింది. రాయికి తగిలి చదునైన గుండుకు పొట్టి పుల్ల. పేలకుండా చేతిలోంచి జారిపోయిన గుండ్రటి గుండుకు పొడుగు పుల్ల. జారిన గుండు ఎక్కడుంటే తుపాకి నింపుకుంటూ మనిషి అక్కడ నిలబడ్డాడన్నమాట.

గోడ వెంబడి పొడుగు ఎర్ర పుల్లలు బారుగా నిలిచాయి. గోడ ముందు పొట్టి తెల్ల పుల్లలు దట్టంగా. వాలు దిగాక పొడుగు తెల్ల పుల్లలు గుంపుగా. అక్కడి నుంచి సముద్రం వైపు ఇసక తిన్నెల దాకా అక్కడక్కడా మళ్ళీ తెల్లవి.

అర్జునరావు వచ్చిన రోజు గాలి బాగా వీస్తోంది. ఆయన ఆయాసపడుతూ గుట్టెక్కి గోడ దగ్గర నిలబడి కిందికి చూశాడు. రిబ్బన్లన్నీ ఒక్క వైపుకు రెపరెపలాడుతున్నాయి. కాయితం మీద కాదు, నేల మీద, యుద్ధం మొత్తం ఆయన కళ్ళ ముందు పరుచుకుని ఉంది.

"కాల్పులు జరిగాయి," అన్నాడు చివరికి. "ఇక్కడ నిలబడి కొట్లాడారు. ఇందులో అనుమానం లేదు." ఇసక వైపు వేలు చూపిస్తూ, "కానీ మెహక్, వెనక్కి తరిమారని మాత్రం అనకు. ఇసకలో ఉన్న తెల్ల పుల్లలు పటాలం ఒడ్డు నుంచి పైకి వస్తున్నప్పటివి కావచ్చు. వచ్చే దారీ పోయే దారీ ఒకటే. ఏది ఏదో ఎలా చెబుతావు?"

మెహక్ దీని కోసమే ఎదురుచూస్తోంది. వారం రోజులుగా తనను తాను వేసుకుంటున్న ప్రశ్న అది. జవాబు నిన్ననే దొరికింది.

"నాతో రండి సార్."

ఆయన్ని వాలు దింపి, తెల్ల పుల్లల గుంపు దాటించి, ఇసక తిన్నెల మధ్యకు తీసుకెళ్ళింది. అక్కడ దొరబాబు, పైడయ్య నిలబడి ఉన్నారు. వాళ్ళ పక్కన ఇసకలో ఒక పొడుగు పుల్ల. రిబ్బను ఎర్రది. ఇంకాస్త ముందుకెళ్తే ఇంకొకటి. పడవలు ఆగే రాళ్ళ దగ్గర మరో రెండు, ఆ రాళ్ళ సందుల్లో పొట్టి ఎర్రవి.

అర్జునరావు మొదటి పుల్ల దగ్గర వంగాడు.

"పేలనిదేనా?"

"పేలనిదే సార్. చుట్టూ అచ్చు గీత కూడా చెక్కుచెదరలేదు. గోడ చాటున దాక్కున్నవాడి గుండు ఇంత దూరం వచ్చి జారిపడదు. వాడు గోడ దాటి కిందికి దిగాడు. ఇక్కడ నిలబడి మళ్ళీ నింపుకున్నాడు. మళ్ళీ ముందుకెళ్ళి, అదిగో, అక్కడ నింపుకున్నాడు. పటాలం పైకి వస్తుంటే వాడు ఒడ్డు దాకా ఎలా వస్తాడు సార్? వాళ్ళు పడవలెక్కుతుంటే వచ్చాడు."

అర్జునరావు లేచి నిలబడ్డాడు. గోడనూ సముద్రాన్నీ ఒకసారి చూశాడు. ఎర్ర పుల్లలు ఒక్కొక్కటిగా లెక్కపెడుతున్నట్టు ఆయన పెదాలు కదిలాయి. తర్వాత కళ్ళజోడు తీసేసి, తుడుచుకోవడం మర్చిపోయి అలాగే చేత్తో పట్టుకుని, నవ్వాడు. ఇన్నేళ్ళలో ఆయన అంత మనసారా నవ్వడం మెహక్ చూడలేదు.

"అధ్యాయం తీసేయమన్నాను కదూ," అన్నాడు. "మిగతావన్నీ తీసెయ్. ఇదొక్కటే రాయ్."

పైడయ్యకు ఆ పుస్తకాల మాటలు పూర్తిగా పట్టలేదు. "ఏటంతారు బాబూ? తోసేసినారా, లేదా?" అన్నాడు.

"తోసేశారు తాతా," అన్నాడు అర్జునరావు. "మీవాళ్ళు చెప్పింది చెప్పినట్టు నిజం. నేనే నమ్మలేదు."

పైడయ్య కర్ర ఇసకలో గుచ్చి, రెండు చేతులూ ఎత్తి సముద్రం వైపు దణ్ణం పెట్టాడు. ఆ వెనకే ఎవరో ఈల వేశారు. కాసేపట్లో డప్పులొచ్చాయి. పోతమ్మ మొదటి ఎర్ర పుల్ల దగ్గర మొదలుపెట్టి పుల్ల పుల్లకూ బొట్టు పెట్టుకుంటూ గుట్ట మీదికి నడిచింది.

ఊరు ఏకమై కలెక్టరాఫీసుకు వెళ్ళింది, అర్జునరావు కూడా వాళ్ళతో వెళ్ళాడు. గోడ చుట్టూ కంచె పడింది. హోటల్ వాళ్ళు రోడ్డుకు అవతలి వైపు స్థలం చూసుకున్నారు. బుల్డోజరు వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

రెండు వేల నాలుగు డిసెంబరు మొదట్లో మెహక్ థీసిస్ మీద మౌఖిక పరీక్ష జరిగింది. మామూలుగా ఆ గదిలో పది మంది ఉంటే ఎక్కువ. ఆ రోజు వ్యాను నిండా పోలమ్మపాలెం వాళ్ళు దిగారు. గదిలో చోటు చాలక కిటికీల దగ్గర నిలబడ్డారు. పుణె నుంచి వచ్చిన పరీక్షకుడు వదలకుండా ప్రశ్నలు వేశాడు. గాలివానలకు గుళ్ళు కొట్టుకుపోయి ఉండొచ్చు కదా? పేలని గుండు వేటగాడిది కావచ్చు కదా? మెహక్ ఒక్కోదానికీ పటం మీద చూపిస్తూ, ఎక్కడా తడబడకుండా జవాబు చెప్పింది. సుత్తి దెబ్బలు తిన్న సీసాన్ని బరువుతో గుర్తుపట్టిన పద్ధతి గురించి ఆయన రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాడు.

చివరికి కాయితాలు మూసి లేచి నిలబడ్డాడు. "డాక్టర్ మెహక్," అన్నాడు, "ఈ పద్ధతిని మా విద్యార్థులకు నేర్పాలి. మా దగ్గరికి ఎప్పుడొస్తారు?"

ఆ ఒక్క మాటకు కిటికీల దగ్గర చప్పట్లు మొదలై వరండా దాకా పాకాయి. ఫక్రుద్దీన్ మిఠాయి పొట్లాలతో తలుపు దగ్గరే నిలబడిపోయాడు, పంచడానికి చేతులు కదలడం లేదు. పోతమ్మ ఆయన చేతిలోంచి పొట్లాం లాక్కుని తనే పంచడం మొదలుపెట్టింది. మొదటి ముక్క పుణె ఆయన నోట్లోనే పెట్టింది.

మెహక్ బయటికి వచ్చేసరికి చెట్టు కింద దొరబాబు యంత్రానికి కొత్త చట్రం బిగిస్తున్నాడు. పక్కన సముద్రతీరపు మ్యాపు పరిచి ఉంది, గాలికి ఎగరకుండా నాలుగు మూలలా రాళ్ళు.

"మేడమ్, భీమిలి అవతల ఇంకో పాత మట్టికోట ఉన్నాదంట. ఆల్లూ ఏదో కథ సెప్పుకుంతన్నారంట. సోమవారం ఎల్దామా?"

"సోమవారం దాకా ఎందుకు," అంది మెహక్ చున్నీ నడుముకు బిగించుకుంటూ. "వ్యాను ఎలాగూ అటే వెళ్తోంది."